పూలకీ వుంది టైటిల్ రిజిస్ట్రేషన్!

సినిమా ఫంక్షన్లన్నిటికీ తప్పకుండా హాజరయ్యే తార ఎవరో చెప్పగలరా?

ముహూర్తానికి వస్తుంది. పాటల విడుదలకి వస్తుంది. విజయోత్సవానికి అందరికంటే ముందే వచ్చి వేదిక మీద బారులు తీరి కూర్చుంటుంది. ముఖ్య అతిథి చేతిలో వుంటుంది, ఫోటోల్లో హీరో హీరోయిన్ల మధ్య నుంచి తొంగి చూస్తుంది. పైసా పారితోషికం పుచ్చుకోదు. మర్నాడు పొద్దున్న దాని మొహం చూసేవాడు లేడు!

ఆ తార పేరు సోనియా. పూర్తి పేరు డెండ్రోబియం సోనియా. బొకేల్లోనూ పెళ్ళి పందిళ్ళలోనూ వంగపండు రంగూ తెలుపూ కలిసిన రేకులతో, పొడుగాటి కాడకి వరసగా కనిపిస్తుందే, ఆ ఆర్కిడ్ పువ్వు. మీరు చూసిన వాటిలో ఎక్కువ భాగం ఈ సోనియాదో, దాని దగ్గరి చుట్టాలదో అయివుంటుంది. ఇది అడవిలో దానంతటది పుట్టింది కాదు. రెండు ఆర్కిడ్లని మనిషి కలిపితే పుట్టిన సంకర జాతి. పుట్టాక దానికో పేరు పెట్టారు. పెట్టిన పేరుని లండన్ రిజిస్టర్లో నమోదు చేయించారు.

అవునండీ! ఫిలిం ఛాంబర్లో నిర్మాతలు సినిమా టైటిల్ రిజిస్టర్ చేయించుకుంటారని మన పాఠకులకి తెలుసు. ఒకే టైటిల్ కోసం ఇద్దరు నిర్మాతలు మాటా మాటా అనుకున్న వార్తలు ఎన్నో చదివాం. ఆర్కిడ్ పూలకి కూడా అలాంటి ఛాంబరే ఒకటి వుంది. ఆ రిజిస్టర్లో సోనియాలాంటి పేర్లు లక్షకి పైగా వున్నాయి. వాటిలో మన హిందీ తారల పేర్లూ వున్నాయి. ఒక పేరు వెనక మాత్రం, పూర్తి న్యాయం జరగడానికి నూట ఇరవై మూడేళ్ళు పట్టిన కథ వుంది. ఆ కథ చెప్పాలంటే ముందు ఈ రిజిస్టర్ సంగతి తెలియాలి.

ఛాంబర్ లండన్లో వుంది

ఆర్కిడ్లని సంకరం చేయడం మొదలైంది ఇంగ్లండులో. ఎక్సెటర్ అనే వూళ్ళో వీచ్ కుటుంబం వారి నర్సరీలో జాన్ డామినీ అనే తోటమాలి వుండేవాడు. ఆ వూళ్ళోనే జాన్ హారిస్ అనే డాక్టరుగారు వుండేవారు. ఆర్కిడ్ పువ్వులో పుప్పొడి ఎక్కడ వుంటుందో, దాన్ని ఎక్కడ అంటించాలో డామినీకి చెప్పింది ఆయనే. తోటమాలి పట్టుదలగా ప్రయత్నించాడు. 1856లో మనిషి పుట్టించిన మొట్టమొదటి ఆర్కిడ్ పూసింది. దానికి 'కాలాంతే డామినీ' అని ఆ తోటమాలి పేరే పెట్టారు. 1869లో ఆయన పూయించిన మరో సంకరానికి 'హారిసియానం' అని డాక్టరుగారి పేరు పెట్టారు. చూశారా? కష్టపడినవాడికీ పేరు దక్కింది, ఐడియా ఇచ్చినవాడికీ దక్కింది. మన పరిశ్రమలో కథ చెప్పినవాడి పేరు తెర మీద పడటానికి ఎన్ని పంచాయితీలు జరుగుతాయో తెలిసినవాళ్ళకి ఇది అబ్బురంగానే వుంటుంది!

అది చూసి తక్కిన నర్సరీలవాళ్ళూ రంగంలోకి దిగారు. ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకుపోయారు. ఒకే జంట పిల్లలకి ఇద్దరు రెండు పేర్లు పెట్టేవారు. ఈ గందరగోళాన్ని సెంట్ ఆల్బన్స్‌లో పెద్ద ఆర్కిడ్ వ్యాపారం చేసిన ఫ్రెడరిక్ శాండర్ ఒక దారికి తెచ్చాడు. ఏ తల్లికీ ఏ తండ్రికీ పుట్టిన సంకరానికి ఏ పేరో వరసగా రాసి, ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో పుస్తకంగా అచ్చు వేశాడు. ఆ జాబితాని శాండర్ సంస్థ 1960 దాకా నడిపింది. 1961 నుంచి ఆ బాధ్యత లండన్లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీకి వచ్చింది. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏ మూల ఎవరు కొత్త ఆర్కిడ్ పుట్టించినా, పేరు ఖాయం కావాలంటే దరఖాస్తు అక్కడికి వెళ్ళాల్సిందే.

ముందు సినిమా... తర్వాతే టైటిల్!

అయితే మన ఛాంబర్‌కీ ఆ ఛాంబర్‌కీ ఒక పెద్ద తేడా వుంది. మన దగ్గర కథ లేకపోయినా టైటిల్ రిజిస్టర్ చేయించవచ్చు. హీరో డేట్లు దొరక్కపోయినా చేయించవచ్చు. అక్కడ అలా కుదరదు. పువ్వు పూయాలి! పూసిన తర్వాతే పేరు. మొదటిసారి ఎప్పుడు పూసిందో దరఖాస్తులో రాయాలి.

ఆ పూయడం అంత తేలికగా జరిగేది కాదు. మామూలు పువ్వుల్లో పుప్పొడి పొడిపొడిగా వుంటుంది. ఆర్కిడ్లో అది చిన్న చిన్న ముద్దలుగా వుంటుంది. ఆ ముద్దని టూత్‌పిక్ లాంటి పుల్లతో మెల్లిగా తీసి, రెండో పువ్వు నడుమనుండే జిగురు గుంటలో అంటిస్తారు. అదృష్టం బాగుంటే ఆ పువ్వు వాడి, వెనక కాయ కడుతుంది. కాయ ముదరడానికి నెలలు పడుతుంది. పగలగొడితే లోపల పిండిలాంటి విత్తనాలు వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో వుంటాయి. గట్టిగా వూదితే ఎగిరిపోతాయి.

ఇన్ని విత్తనాలున్నా మొలిచేవి తక్కువ. ఎందుకంటే ఆ విత్తనంలో తిండి నిల్వ వుండదు. అడవిలో అయితే ఒక రకం బూజు దానికి తిండి అందిస్తుంది. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రజ్ఞుడు బూజుతో పని లేకుండా, చక్కెరా లవణాలూ కలిపిన గంజిలాంటి పదార్థం మీద గాజుబుడ్డిలో ఆ విత్తనాలు మొలిపించే పద్ధతి చెప్పాడు. అప్పటినుంచి ఆర్కిడ్ పెంపకం రూపమే మారిపోయింది. అయినా బుడ్డిలోంచి కుండీలోకి, చిన్న కుండీలోంచి పెద్ద కుండీలోకి మార్చుకుంటూ మొదటి పువ్వు చూడటానికి మూడు నాలుగేళ్ళు పట్టవచ్చు. కొన్ని జాతులకి ఇంకా ఎక్కువే. అన్నేళ్ళు నీళ్ళు పోసి, తీరా పూశాక అది తల్లికంటే వెలవెలబోతూ వుంటే? పేరూ లేదు, వూరూ లేదు. చెత్తబుట్టే! ఏళ్ళ తరబడి తీసిన సినిమా డబ్బాల్లోనే మిగిలిపోయినట్టన్నమాట.

ఇంటిపేరు, పేరు, ముద్దుపేరు

ఆర్కిడ్ పేర్లు చూడగానే నోరు తిరగదనిపిస్తుంది గానీ, నిజానికి మన తెలుగువాళ్ళకి అర్థమయినంత సులువుగా ఇంకెవరికీ అర్థం కావు. ఎందుకంటే వాటికీ మనలాగే ఇంటిపేరు ముందు!

డెండ్రోబియం అన్నది ఇంటిపేరు. సోనియా అన్నది పేరు. అయితే ఈ పేరు ఒక్క మొక్కది కాదు. ఆ తల్లిదండ్రులకి పుట్టిన పిల్లలందరికీ అదే పేరు. ఒకడు తెల్లగా, ఒకడు ఎర్రగా పుట్టినా అందరూ సోనియాలే. వాళ్ళలో ఒక పిల్ల మరీ బాగుంటే, దానికి మాత్రం ప్రత్యేకంగా ఒక ముద్దుపేరు పెట్టి కొటేషన్ గుర్తుల మధ్య రాస్తారు. 1931లో నమోదైన 'కేంబ్రియా' అనే ప్రసిద్ధ సంకరం వుంది. ఆ కేంబ్రియా పిల్లల్లో 'ప్లష్' అనే ముద్దుపేరున్న మొక్క లోకమంతా ప్రాకింది.

ఇక అసలు తమాషా చూడండి. మీరు ఈరోజు మీ పెరట్లో అదే తల్లినీ అదే తండ్రినీ మళ్ళీ కలిపి, ఇంతకుముందు ఎవరూ చూడనంత అందమైన పువ్వు పూయించారనుకోండి. కొత్త పేరు పెట్టడానికి వీల్లేదు! ఆ జంటకి పేరు ఇదివరకే ఖాయమైపోయింది. తల్లినీ తండ్రినీ అటూ ఇటూ మార్చినా అంతే. రీమేకులకి కొత్త టైటిళ్ళు వుండవన్నమాట! మీరు తీసింది ఒరిజినల్ కంటే గొప్పగా వున్నా పాత పేరుతోనే రావాలి. అలాగే ఒక ఇంటిపేరు కింద ఒకరు వాడేసిన పేరుని ఇంకో జంట పిల్లలకి పెట్టకూడదు. ముందు ఎవరు రిజిస్టర్ చేయిస్తే వాళ్ళదే.

ఇంటిపేర్లు మాత్రం మారతాయి. శాస్త్రజ్ఞులు మొక్కల్ని కొత్తగా పరీక్షించినప్పుడల్లా, ఇది ఆ వంశంది కాదు, ఈ వంశందని తేలుస్తూ వుంటారు. అప్పుడు బ్యానర్ మారినట్టు ముందు పేరు మారుతుంది. టైటిల్ మాత్రం చెక్కుచెదరదు.

సింగపూర్లో మన తారలు

సింగపూర్లో తెలుగు పాటల చిత్రీకరణలు చాలా జరిగాయి. అలాంటి ఒక చిత్రీకరణ వార్తలు రాయడానికి వెళ్ళినప్పుడు, ఒక పూట ఖాళీ దొరికితే అక్కడి బొటానిక్ గార్డెన్స్‌లోని జాతీయ ఆర్కిడ్ తోట చూశాను. 1995లో తెరిచిన తోట అది. నాతో యూనిట్‌లోని అసిస్టెంట్ డైరెక్టర్ ఒకతను వచ్చాడు. ప్రముఖుల పేర్లున్న పలకలు చూస్తూ అతను ఒకచోట ఆగిపోయాడు.

"గురూగారూ! ఇంతమంది ప్రెసిడెంట్లూ, రాణులూ ఇక్కడికొచ్చి మొక్కలు నాటారా?"

"నాటలేదయ్యా. మొక్కని తోటవాళ్ళే పెంచారు. వచ్చినవాళ్ళ పేరు పెట్టారు."

"అంటే పెంచింది ఒకళ్ళు, పేరు ఇంకొకళ్ళదా? అయితే మన ఫీల్డే!" అన్నాడు.

నవ్వాను గానీ ఆ మాట మనసులో వుండిపోయింది.

ఈ తోటలో ఆర్కిడ్ల సంకరం 1928లో మొదలైంది. అప్పటి డైరెక్టర్ ఎరిక్ హోల్టమ్ దానికి ఆద్యుడు. అక్కడి మొదటి సంకరం 1931లో పూసింది. ప్రముఖుల పేర్లు పెట్టే ఆచారం 1956లో, అప్పటి గవర్నర్ భార్య ఆన్ బ్లాక్ పేరుతో మొదలైంది. 1972లో ఎలిజబెత్ రాణి వచ్చినప్పుడు ఆమె పేరు, 1985లో మార్గరెట్ థాచర్ పేరు, 1997లో నెల్సన్ మండేలా పేరు పెట్టారు. అదే 1997లో కారు ప్రమాదంలో పోయిన డయానా పేరుతో ఒక తెల్లని డెండ్రోబియం వుంది. దాని పేరులో ముందు 'మెమోరియా' అని వుంటుంది. పోయినవారి జ్ఞాపకార్థం పెట్టే పేర్లకి ఆర్కిడ్ లోకం వాడే మాట అది. 2012లో ఆమె కొడుకూ కోడలూ వచ్చినప్పుడు వాళ్ళిద్దరి పేరుతో ఒక వాండా వెలిసింది. 2018లో మన ప్రధాని నరేంద్ర మోదీ వెళ్ళినప్పుడు ఆయన పేరుతో ఒక డెండ్రోబియం వచ్చింది.

సినిమావాళ్ళ సంగతా? అమితాబ్ బచ్చన్ పేరున ఒక డెండ్రోబియం వుంది. షారుఖ్ ఖాన్ పేరున ఒక ఆస్కోసెండా వుంది. ఆస్కోసెండా అన్న ఇంటిపేరుని ఆ తర్వాత వాండాలో కలిపేశారు. కనుక షారుఖ్ గారి పువ్వుకి బ్యానర్ మారింది, టైటిల్ అదే!

అన్నట్టు, ఈ 'వాండా' అన్న మాట మనదే సుమా! చెట్ల కొమ్మల మీద పెరిగే మొక్కలకి సంస్కృతంలో 'వందా', 'వందాకం' అని పేర్లున్నాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కలకత్తాలో జడ్జిగా పనిచేసిన సర్ విలియం జోన్స్ ఆ మాటనే శాస్త్రానికి ఎక్కించాడు. మన తెలుగు నేల మీద కూడా చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరిగే వాండా వుంది.

మిస్ జోకిమ్ ఎవరు?

ఇక అసలు కథ. సింగపూర్ జాతీయ పుష్పం పేరు వాండా మిస్ జోకిమ్. 1981 ఏప్రిల్ 15న దానికి ఆ గౌరవం ప్రకటించారు. గులాబీ, వూదా రంగులు కలిసిన రేకులు, నడుమ నారింజ మచ్చ. ఏడాది పొడుగునా పూస్తుంది, ఎండకి వెరవదు.

ఈ మిస్ జోకిమ్ ఎవరు? ఆగ్నెస్ జోకిమ్ అనే ఆవిడ. 1854లో సింగపూర్లోనే ఒక ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టింది. పెళ్ళి చేసుకోలేదు. తంజోంగ్ పగార్ ప్రాంతంలో వాళ్ళ ఇల్లు, చుట్టూ తోట. ఆ తోటలో మలయా నుంచి వచ్చిన హుకరియానా అనే వాండానీ, మన అస్సాం, బర్మాల వైపు పెరిగే టెరెస్ అనే వాండానీ కలిపింది. పూయించింది. పూసినదాన్ని బొటానిక్ గార్డెన్స్ డైరెక్టర్ హెన్రీ రిడ్లీ దగ్గరికి తీసుకువెళ్ళింది. రబ్బరు చెట్టుకి గాటు పెట్టి పాలు తీసే పద్ధతిని మలయాకి నేర్పిన రిడ్లీయే ఈయన. ఆయన దాన్ని పరీక్షించి, 1893 జూన్‌లో లండన్ నుంచి వెలువడే 'గార్డెనర్స్ క్రానికల్' పత్రికలో దాని వర్ణన ప్రకటించాడు. ఈ రెండు జాతుల్నీ కలపడంలో మిస్ జోకిమ్ కృతకృత్యురాలైందని స్పష్టంగా రాశాడు. ఆమె పేరే పువ్వుకి పెట్టాడు.

1899లో సింగపూర్ పుష్ప ప్రదర్శనలో ఆ పువ్వుకి అరుదైన ఆర్కిడ్ కింద మొదటి బహుమతి వచ్చింది. అదే ఏడాది జూలై 2న ఆగ్నెస్ కన్నుమూసింది. నలభై అయిదేళ్ళు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాలక్రమాన ఒక కొత్త కథ పుట్టుకొచ్చింది. ఆమె ఏమీ కలపలేదట! తోటలో వెదురు పొద దగ్గర తిరుగుతూ వుంటే ఆ పువ్వు కంటపడిందట! తేనెటీగో తుమ్మెదో చేసిన పనట! ఇది వినడానికి ఎంతో ముచ్చటగా వుంది. పొద్దున్నే తోటలోకి వచ్చిన కన్య, పొదలో మెరిసిన పువ్వు... పాట పెట్టుకోవచ్చు కూడా! నోటికి ఇంపుగా వున్న కథ నిజం కంటే ముందు పరుగెత్తుతుంది. పుస్తకాలకెక్కింది. పండితులు కూడా అది సహజంగా పుట్టిన సంకరమేనని వాదించారు. పువ్వు మీద ఆమె పేరు అలాగే వుంది. ఆమె చేసిన పని మాత్రం చేజారిపోయింది. పుట్టించిన మనిషి కాస్తా, దారిలో దొరికినదాన్ని ఏరుకున్న మనిషి అయిపోయింది.

ఈ తేడా చిన్నదనుకోకండి. ట్యూన్ కట్టినవాడికీ, ఎక్కడో విని పాడినవాడికీ వుండేంత తేడా.

నాడియా రైట్ అనే చరిత్రకారిణీ, ఆగ్నెస్ కుటుంబానికి చెందినవారూ దీన్ని వదల్లేదు. పాత పత్రికలు తిరగేశారు. ఆమె బతికుండగా, ఆమె నోటి నుంచి విన్న నిపుణుడు స్వయంగా రాసిన మాట వుండగా ఆ తర్వాత పుట్టిన కథకి విలువేమిటని ఏళ్ళ తరబడి వాదించారు. చివరికి 2016లో సింగపూర్ వారసత్వ మండలీ, జాతీయ పార్కుల సంస్థా అధికారికంగా ఒప్పుకున్నాయి: ఆ పువ్వుని పుట్టించింది ఆగ్నెస్ జోకిమ్. రిడ్లీ రాసిన 1893 నుంచి లెక్కేయండి, నూట ఇరవై మూడేళ్ళు!

ఈలోగా శాస్త్రజ్ఞులు ఆ పువ్వు తల్లిదండ్రుల్ని పాపిలియోనాంతే అనే ఇంకో వంశంలోకి మార్చారు. ఇప్పుడు రిజిస్టర్ లెక్కన దాని పేరు పాపిలియోనాంతే మిస్ జోకిమ్. జనం మాత్రం వాండా అనే పిలుస్తున్నారు.

టైటిల్ కార్డులో ఎవరి పేరు?

లండన్ రిజిస్టర్లో ఒక్కో ఆర్కిడ్‌కీ కొన్ని గళ్ళుంటాయి. పేరు, తల్లి, తండ్రి, నమోదైన తేదీ. వాటితోపాటు రెండు గళ్ళు వేర్వేరుగా వుంటాయి. ఒకటి రిజిస్టర్ చేయించినవాళ్ళ పేరు. రెండోది ఆ సంకరాన్ని మొదట చేసినవాళ్ళ పేరు. ఒకరు కలిపిన మొక్కని ఇంకొకరు కొనుక్కుని పెంచి పూయించవచ్చు. పూయించినవాడు రిజిస్టర్ చేయించవచ్చు కూడా. కానీ కలిపినవాడెవరో ఆ గడిలో చెప్పాలి. చెప్పలేకపోతే అక్కడ 'ఓ బార్ యూ' అని రెండు అక్షరాలు పడతాయి. మొదట చేసినవారెవరో తెలియదని దానర్థం.

ఆ రెండక్షరాలు చూస్తే నాకు చాలామంది గుర్తొచ్చారు. పెద్ద రచయిత పేరున వెళ్ళిన సినిమాకి రాత్రింబవళ్ళు కూర్చుని డైలాగులు రాసినవాళ్ళు. హీరోకి బదులు మేడ మీద నుంచి దూకినవాళ్ళు. హీరోయిన్‌కి గొంతు అరువిచ్చినవాళ్ళు. నాకూ ఒక చిన్న అనుభవం వుంది. ఒక పత్రిక కోసం పదిహేను రోజులు తిరిగి రాసిన వ్యాసం పేరు లేకుండా 'మా ప్రతినిధి' అని అచ్చయింది. చెక్కు వచ్చింది, కాదనను. కానీ మా అమ్మకి ఏం చూపించాలి?

పువ్వు మీద ఎవరి పేరుంటే ఏం, అందంగా పూస్తే చాలదా అని మీరు అనవచ్చు. పువ్వుకి చాలు. చేసినవాళ్ళకి చాలదు. అమితాబ్ పేరున్నా, రాణిగారి పేరున్నా ఆ పువ్వు గౌరవార్థం ఇచ్చిన కానుక. దానికి తప్పు పట్టేదేం లేదు. కానీ ఆ కానుక వెనక పుల్ల పట్టుకుని వంగి నిలబడిన మనిషి ఒకరుంటారు. ఆ రిజిస్టర్ చేసిన మేలేమిటంటే, ఆ మనిషి కోసం ఒక గడి ఖాళీగా వుంచింది. దాన్ని నింపడం, నింపకపోవడం మనుషుల చేతిలో వుంది.

సింగపూర్ హిల్ స్ట్రీట్‌లో పాత ఆర్మీనియన్ చర్చి వుంది. దాని ఆవరణలో ఆగ్నెస్ సమాధి రాయి వుంది. ఈసారి ఆ వూరు వెళ్ళే తెలుగు యూనిట్లవాళ్ళెవరైనా, షాపింగ్‌కి ముందు ఒక అరగంట తీరిక చేసుకుని అక్కడ ఆగండి. చేతిలో పువ్వు లేకపోయినా ఫర్వాలేదు. ఆవిడ పువ్వు ఆ దేశమంతా పూస్తూనే వుంది.